కొరికిన గొట్టం

జూన్ 8, ఆదివారం

ఇన్నేళ్లుగా ఏ సంగతైనా దేవుడి ముందు కూర్చుని చెప్పుకునేదాన్ని. పైకి కాదు, లోపల్లోపలే. నిన్నటి నుంచి అదీ కుదరడం లేదు. కళ్లు మూసుకుంటే మాట వస్తోంది గాని దేవుడి దాకా వెళ్లకుండా నా చుట్టే తిరుగుతోంది. అందుకే ఈ నోటుబుక్కు తీశాను. చెల్లి కూతురు సగం రాసి వదిలేసినది. ముందు పేజీల్లో కప్ప బొమ్మ, పువ్వు భాగాలు ఉన్నాయి. పదో తరగతి అయ్యాక నేను పెన్ను పట్టింది కవర్ల మీద తేదీలు వెయ్యడానికే. అక్షరాలు ఇంకా కుదురుగానే వస్తున్నాయి.

జరిగింది ఇది. రాస్తే చిన్నదిగానే కనిపిస్తోంది.

పోయిన నెలలో ఒక పెద్దాయనకి మెడ ఆపరేషన్ అయింది. మెలకువ వస్తూ వస్తూ గొంతులో ఉన్న స్ప్రింగు గొట్టాన్ని గట్టిగా కొరికేశాడు. పళ్ల మధ్య పెట్టిన గుడ్డ చుట్ట జారిపోయిందట. గొట్టం నేను కడిగే తొట్టిలోకి వచ్చేసరికి ఒకచోట చదునుగా నలిగి ఉంది, తలుపు సందులో పడ్డ వేలులాగా.

స్ప్రింగు గొట్టం మామూలు గొట్టంలాంటిది కాదు. దాని గోడలోపల సన్నటి తీగ చుట్లుచుట్లుగా ఉంటుంది. మెడ ఎటు తిప్పినా, మనిషిని బోర్లా పడుకోబెట్టినా మడతపడి గాలి ఆగిపోదు. అందుకే మెడకీ వెన్నుకీ చేసే ఆపరేషన్లలో అదే వాడతారు. దాని కవరు మీద ఒక్కసారికే అని అచ్చు వేసి ఉంటుంది. అది మేం చదవం. కడిగి, ఎండబెట్టి, కొత్త కవర్లో పెట్టి, గ్యాసులో శుద్ధికి పంపిస్తాం. ఇరవై రెండేళ్లుగా థియేటర్ పక్క గదిలో ఆ కడుగుడు పని నాది.

నలిగినదాన్ని పారెయ్యాలి. నాకు మనసొప్పలేదు. ఇంట్లో వంగిన గరిటెను కూడా నేను పారెయ్యను. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, బొటనవేలూ చూపుడువేలూ పెట్టి తిప్పుతూ ఒత్తాను. గుండ్రంగా వచ్చేసింది. చూసుకుని మురిసిపోయాను కూడా. అదే సైజువి, ఏడున్నరవి, ఇంకో ఐదు ఉంటే వాటితో కలిపి పంపేశాను. ఆరూ తిరిగొచ్చి అలమరలో కూర్చున్నాయి.

నిన్న మత్తు డాక్టరమ్మ కొత్తగా చేరిన నర్సులకి ఒక స్ప్రింగు గొట్టం చూపించి చెబుతోంది. నేను తొట్టి దగ్గర వింటున్నాను.

"దీన్ని ఎంత వంచినా పర్లేదు, చూడండి. కానీ పళ్ల కింద పడి నలిగిందా, ఇక లేవదు. పైకి లేచినట్టు కనబడినా నమ్మకండి. లోపలి పొర తీగ నుంచి ఊడిపోయి ఉంటుంది. ఆపరేషన్ మధ్యలో ఆ పొర ఉబ్బి దారి మూసేస్తుంది. కొరికింది కొరికినట్టే చెత్తబుట్టలోకి పోవాలి." అని, నా వైపు చెయ్యి చూపించింది. "అయినా మన అక్క ఉన్నంతకాలం నాకు బెంగలేదు. పాడైనదాన్ని ఆవిడ గుమ్మం దాటనివ్వదు."

నేను తల ఊపాను. ఊపాను.

ఆరు కవర్లు. ఒకే తేదీ, ఒకే చేతిరాత, నాదే. ఏది ఏదో నాకే తెలీదు. కవరు విప్పితే తెలుస్తుందేమో. విప్పిన గొట్టం మళ్లీ గ్యాసుకి వెళ్లాలి. ఎందుకు విప్పావని అడుగుతారు.

రేపు చెప్తాను.

జూన్ 9, సోమవారం

డాక్టరమ్మ ఇవ్వాళ సెలవు.

జూన్ 10, మంగళవారం

మెడ ఆపరేషన్ ఒకటి పడింది. ఆరింట్లో ఒకటి తీశారు.

నా గదికీ థియేటర్‌కీ మధ్య గోడలో సామాను అందించే చిన్న కిటికీ ఉంది. దాని పక్కనే నిలబడ్డాను. లోపల మిషను టుక్ టుక్ మంటూ ఉంటుంది. ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే ఆ టుక్ టుక్ స్వరం కిందికి దిగుతుంది. చదువుకున్నవాళ్లు అంకెలు చూస్తారు, నేను వింటాను. రెండు గంటలూ విన్నాను. దిగలేదు.

గొట్టం నా తొట్టిలోకి వచ్చాక వెలుతురుకి ఎత్తి లోపలికి చూశాను. నున్నగా ఉంది. ఇది కాదు. గ్యాసుకి పంపే బుట్టలో వేశాను. ఆ బుట్ట బుధవారం వెళ్తే మళ్లీ రెండు వారాలకి గాని రాదు.

ఐదు మిగిలాయి. ఇలా ఒక్కొక్కటే తేలిపోతే నేను ఎవరికీ చెప్పక్కర్లేదు. చివరికి మిగిలినదాన్ని తీసి పారేస్తే సరి.

చివరికి మిగలాలి కదా అది.

జూన్ 12, గురువారం

ఇంకొకటి వాడారు, ఇంకో మెడ ఆపరేషన్‌కి. స్వరం దిగలేదు. లోపల నున్నగా ఉంది. నాలుగు.

ఇంటికొచ్చేసరికి చెల్లి వచ్చి కూర్చుని ఉంది. మెడ దగ్గర గడ్డ సంగతి ఆర్నెల్లుగా నానుతోంది. ఇప్పుడు తియ్యాల్సిందేనన్నారట. మా ఆసుపత్రిలోనే, వచ్చే గురువారం.

"వేరేచోట చేయించుకోవచ్చు కదే" అన్నాను.

"వేరేచోట నువ్వుంటావా? అసలు నీ ధైర్యంతోనే ఒప్పుకున్నా" అంది. తర్వాత మా వారి వైపు తిరిగి, "బావా, గడ్డతో పాటు మాట కూడా పోతే మా ఆయన అందరికీ మిఠాయిలు పంచుతాడు. నువ్వు మాత్రం తినకు" అంది.

మా వారికి ఎడమ చెవి వినబడదు. చెల్లి ఆయనకి ఎప్పుడూ ఎడమవైపే కూర్చుంటుంది. ఆయన నవ్వి, "ఏమంది?" అని నన్నడిగారు.

అమ్మ పోయేనాటికి దీనికి ఆరేళ్లు. నాకు పద్నాలుగు. జడ వెయ్యడం దీని తల మీదే నేర్చుకున్నాను.

జూన్ 13, శుక్రవారం

ఏమీ లేదు.

జూన్ 14, శనివారం

మూడోది కూడా మంచిదే. మూడు మిగిలాయి.

ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ ఒక్కతే బెంచీ మీద కూర్చుని టీ తాగుతోంది. ఆమె వయసు ముప్పై ఐదు దాటదు. పొద్దున్నుంచి నిలబడి ఉండడంతో చెప్పులు విప్పి పాదాలు నేల మీద ఆనించింది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. వెళ్లాను.

"డాక్టరమ్మా."

"చెప్పండక్కా."

"మా చెల్లికి గురువారం ఆపరేషనండి."

"అయ్యో, ముందే చెప్పొద్దూ. నేనే ఉంటాను. మీ చెల్లెలంటే నా చెల్లెలే" అంది.

దండం పెట్టి వచ్చేశాను. నోట్లోంచి వచ్చిన మాట వేరే. వెళ్లింది ఆ మాట చెప్పడానికి కాదు.

ఎందుకు చెప్పలేకపోతున్నానో కూడా రాయాలి. ఉద్యోగం పోతుందని భయం ఉంది. అంతకన్నా పెద్దది ఇంకోటి ఉంది. ఈ ఆసుపత్రిలో నా మాట ఎవరికీ వినబడదు. ఇన్నేళ్లలో నాకున్నదల్లా ఆ ఒక్క పేరు, అక్క చేతిలో పడితే బెంగలేదని. అది పోతే అక్కడ నేనెవరిని?

జూన్ 15, ఆదివారం

దీపం పెట్టి కూర్చున్నాను. దేవుడా, ఆ గొట్టాన్ని చివరిదాకా ఉంచు అని అడిగాను. అడిగాక సిగ్గేసింది. దేవుడితో కవర్లు సర్దించుకుంటున్నాను.

మా వారు, "మూడు రోజులుగా కూరలో ఉప్పు లేదు, చెల్లెలి గురించేనా?" అన్నారు. అవునన్నాను. "డాక్టర్లున్నారుగా" అన్నారు. గట్టిగా అన్నారు. వినబడనివాళ్లు ధైర్యం కూడా గట్టిగానే చెబుతారు.

జూన్ 17, మంగళవారం

నాలుగోదీ మంచిదే.

రెండు మిగిలాయి. రెండింట్లో ఒకటి.

జూన్ 18, బుధవారం

పొద్దున చెల్లిని వార్డులో చేర్చాం. దాని పక్క మంచమే రేపు రెండో ఆపరేషన్ మనిషిది. టైల్స్ పరిచే మేస్త్రీ. ముప్పై ఏళ్లు వంగి వంగి వెన్నుపూస అరిగిందట. సన్నటి మనిషి. కూర్చోలేక గోడకి చేరబడి నిలబడే ఉన్నాడు. నిలబడి వార్డు నేలంతా పరీక్షగా చూశాడు.

"ఇది వేసినవాడెవడో గాని మూల దగ్గర నిద్రపోయాడమ్మా" అని నాకు చూపించాడు. నిజమే, మూలన ఒక పలక వంకరగా ఉంది. ఇరవై రెండేళ్లుగా దాని మీద నుంచి నడుస్తున్నాను, ఎప్పుడూ చూడలేదు.

చెల్లి అందుకుంది. "నడుం బాగయ్యాక మీరే వచ్చి సరిచెయ్యండన్నా."

"ముందు వీళ్లు నా నడుం వంకర లేకుండా వెయ్యనీ తల్లీ, తర్వాత చూద్దాం."

ఆయన భార్య నవ్వి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం థియేటర్‌లో టెక్నీషియన్ రేపటికి ట్రేలు సర్దుతున్నాడు. అతన్ని అందరం రేడియో అంటాం. నోటికి స్విచ్చు లేదు. చేసే ప్రతి పనినీ పైకి చెబుతూ చేస్తాడు.

"ఒకటో నంబరు, మన అక్కగారి చెల్లెలు. స్ప్రింగు గొట్టం ఏడున్నర, పాతది. రెండో నంబరు, మేస్త్రీ. ఏడున్నర, కొత్తది. బోర్లా పడుకునేవాళ్లకి కొత్తదే పెట్టాలని డాక్టరమ్మ ఆర్డరు. ఉన్నది ఒక్కటే కొత్తది, జాగ్రత్త."

డాక్టరమ్మ ఆ నియమం ఎందుకు పెట్టిందో నాకు తెలుసు. వెల్లకిలా ఉన్న మనిషికి గొట్టం పాడైతే వెంటనే మార్చొచ్చు. బోర్లా ఉండి వీపు తెరిచి ఉన్నప్పుడు నోటి దగ్గరికి చెయ్యి కూడా పోదు.

రేడియో టీకి వెళ్లాడు. నేను ట్రేలు ఒకసారి సర్దాను. అంతే.

దేవుడు చూసుకుంటాడు.

జూన్ 19, గురువారం

చెల్లి బాగుంది. కళ్లు తెరిచింది. నీళ్లు అడిగింది, బొంగురుగా అయినా మాట వచ్చింది.

రెండోది ఇవ్వాళ రాయలేను.

జూన్ 20, శుక్రవారం

రాస్తాను. వరుసగా రాస్తాను.

చెల్లి ఆపరేషన్ పదింటికల్లా అయిపోయింది. టుక్ టుక్ స్వరం ఒక్కసారి కూడా దిగలేదు. దాన్ని బయటికి తీసుకెళ్తుంటే దాని పాదం ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. అప్పుడైనా వెళ్లి చెప్పి ఉండొచ్చు. మేస్త్రీని ఇంకా లోపలికి తీసుకురాలేదు. చేతిలో పావుగంట ఉంది. ఆ పావుగంటా తొట్టి కడిగాను. కడిగిన తొట్టినే మళ్లీ కడిగాను.

మేస్త్రీకి మత్తు ఇచ్చారు. గొట్టం వేశారు. నలుగురు పట్టుకుని బోర్లా తిప్పారు. వెన్ను సర్జను పని మొదలుపెట్టాడు. అరగంట దాకా అంతా బాగానే ఉంది. నా ఊపిరి కూడా కాస్త కుదుటపడింది. రెండింట్లో ఇది మంచిదన్నమాట అనుకున్నాను.

తర్వాత డాక్టరమ్మ గొంతు వినబడింది. "గాలి బ్యాగు బిగుతుగా ఉంది. గాలి లోపలికి పోవడం కష్టంగా ఉంది."

"సిగరెట్లు తాగే మనిషి. ఊపిరితిత్తులు పట్టేసి ఉంటాయి. మందివ్వండి" అన్నాడు సర్జను.

మందిచ్చారు. సన్న గొట్టం ఒకటి లోపలికి పంపి చూశారు. "అది పోతోంది. దారి ఉన్నట్టే ఉంది" అన్నాడు రేడియో. ఆ తర్వాత అతను మాట్లాడడం మానేశాడు. అతని నోరు ఆగిపోవడం నేను మొదటిసారి విన్నాను.

అప్పుడు స్వరం దిగడం మొదలైంది. మెట్టు మెట్టుగా దిగింది. కాలు కింద మెట్టు ఉందో లేదో తెలియకుండా చీకట్లో దిగినట్టు.

డాక్టరమ్మ అంది, "గొట్టం మీద అనుమానంగా ఉంది. తిప్పి మార్చాలి."

"వీపు తెరిచి ఉంది. ఇప్పుడు తిప్పితే ఏమవుతుందో తెలుసా? కొత్త గొట్టం వేశామన్నారుగా, దాని మీద అనుమానమేంటి? ఇంకో పది నిమిషాలివ్వండి" అన్నాడు సర్జను.

కొత్త గొట్టం అన్న మాట దగ్గర డాక్టరమ్మ ఆగిపోయింది.

కిటికీ తలుపు తోశాను. థియేటర్‌లో నేను మాట్లాడకూడదు. ఎన్నడూ మాట్లాడలేదు.

"డాక్టరమ్మా, అది కొత్తది కాదు. గొట్టం మార్చండి."

ఎవరూ ఇటు చూడలేదు. నా గొంతు అంతే. మళ్లీ అన్నాను. ఈసారి అది నా గొంతులా లేదు. నా చెవులకే గట్టిగా తగిలింది.

"అది కొరికిన గొట్టం. నేనే ఒత్తి గుండ్రంగా చేశాను. మార్చండి."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. మాస్కు పైన కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. "ఇదేనా అక్కా? అనుకుంటున్నారా, తెలుసా?"

రెండింట్లో ఒకటి అని అనాలి. అది నిజం.

"ఇదే" అన్నాను.

ఆమె సర్జనును అడగలేదు. "గాయం కప్పండి, తిప్పుతున్నాం" అంది. తడిగుడ్డలు కప్పారు, మంచం పక్కకి బండి తెచ్చారు, తిప్పారు. పాత గొట్టం లాగేసి మామూలు గొట్టం వేశారు. స్వరం కాసేపు అక్కడే ఉంది. తర్వాత ఎక్కింది. ఒక మెట్టు. ఇంకో మెట్టు.

నేను కిటికీ కింద నేల మీద కూర్చుండిపోయాను.

మళ్లీ బోర్లా తిప్పి ఆపరేషన్ పూర్తి చేశారు. సాయంత్రం మేస్త్రీ కళ్లు తెరిచాడు. కాలివేళ్లు కదపమంటే కదిపాడు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, ఇంటికెళ్తానన్నాడు.

డాక్టరమ్మ ఆ గొట్టాన్ని కత్తెరతో నిలువునా చీల్చి నాకు చూపించింది. లోపల పొర ఉబ్బి, కొత్త చెప్పు కరిచినచోట వచ్చే బొబ్బలా ఉంది. నేను ఒత్తినచోటే. పైనుంచి ముట్టుకుంటే ఇప్పటికీ గుండ్రంగానే ఉంది.

జూన్ 21, శనివారం

సూపరింటెండెంటు గదిలో కాగితం ఇచ్చి రాయమన్నారు. నలిగిన గొట్టాన్ని నేను ఒత్తి పంపానని, పన్నెండు రోజులు తెలిసీ చెప్పలేదని రాశాను. సంతకం పెట్టాను. ఆయన చదివి కళ్లజోడు తీశారు.

"తప్పు పెద్దదే. కానీ అంతమందిలో నోరు తెరిచి చెప్పారు చూశారా, దానివల్ల ఒక ప్రాణం నిలబడింది. అది కూడా నేను రాస్తాను" అన్నారు.

బయటికొస్తే నర్సులు నా చేతులు పట్టుకున్నారు. మేస్త్రీ భార్య వచ్చి నా భుజం మీద తల ఆనించి ఏడ్చింది. "మీరు అరవకపోతే మా ఆయన లేడటగా అక్కా" అంది. నేను ఆమె వీపు నిమిరాను. అదే చేత్తో.

జూన్ 22, ఆదివారం

కొత్త గొట్టం మొదటి ట్రేలోకి ఎలా వెళ్లిందని నిన్న రేడియోని అడిగారట. "రెండోదాంట్లోనే పెట్టానని నా గుర్తు. పొద్దున చూస్తే మొదటిదాంట్లో ఉంది. అక్కగారి చెల్లెలని డాక్టరమ్మే మార్పించారేమో అనుకున్నా" అన్నాడట. డాక్టరమ్మ తను మార్చలేదంది. "అయితే నా చేతులే పొరపాటు పడుంటాయి, వాగుతూ సర్దుతాను కదా" అని ఒప్పుకున్నాడట. ఇక ముందు అతను సర్దిన ట్రేని ఇంకొకరు చూడాలని ఆర్డరు వేశారు. పదిహేడేళ్ల సర్వీసు అతనిది.

నా దగ్గరికొచ్చి, "అక్కా, నా తికమక వల్ల మీకింత పేరొచ్చింది. నాకు సగం వాటా ఇవ్వండి" అని నవ్వాడు. నవ్వుతుంటే మొహం పాలిపోయి ఉంది.

బుధవారం పేజీ తీసి చూశాను. ట్రేలు ఒకసారి సర్దాను, అంతే, అని ఉంది.

సర్దలేదు. మార్చాను. చెల్లి ట్రేలో ఉన్న పాత కవరు తీసి మేస్త్రీ ట్రేలో పెట్టాను. మేస్త్రీ ట్రేలో ఉన్న కొత్తది తెచ్చి చెల్లి ట్రేలో పెట్టాను. రెండింట్లో ఒకటి అని తెలిసి పెట్టాను. బోర్లా పడుకునే మనిషి అని తెలిసి పెట్టాను. ఆయనతో అప్పటికే మాట్లాడి ఉన్నాను. ఆయన భార్య కళ్లు తుడుచుకోవడం చూసి ఉన్నాను.

పెట్టేటప్పుడు చేతులు వణకలేదు. ఇది కూడా రాయాలి.

ఆ పాత కవర్లు రెండూ తీసి దాచేసి, గొట్టాలు లేవు, ఆపరేషన్లు వాయిదా వెయ్యండి అన్నా సరిపోయేది. తిట్లు తినేదాన్ని. అది తోచలేదని రాయబోయాను. తోచింది.

జూన్ 23, సోమవారం

పొద్దున్నే వెళ్లాను. డాక్టరమ్మా, రేడియో ఇద్దరూ ఉన్నప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను.

రేడియో చేతిలోని ట్రే కింద పెట్టాడు. "నాలుగు రోజులుగా మా ఇంట్లో చెంచాలు కూడా రెండుసార్లు లెక్క చూసుకుంటున్నానక్కా" అన్నాడు. అని బయటికి వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ కుర్చీ నా వైపు తిప్పుకుంది.

"ఆ మంచం మీద మా అమ్మ ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలీదు. కానీ అక్కా, ఇకమీదట గొట్టాలు మీ చేతికివ్వలేను."

"ఇవ్వొద్దండి" అన్నాను.

"సూపరింటెండెంటుకి నేను చెప్తాను. మేస్త్రీకి ఎవరు చెప్పాలి?"

"నేనే."

వార్డుకి వెళ్లాను. ఆయన పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. భార్య జుట్టు దువ్వుకుంటోంది. నన్ను చూసి స్టూలు జరిపింది. నేను కూర్చోలేదు. చెప్పాను. చెల్లిని శనివారమే ఇంటికి పంపేశారు, పక్క మంచం ఖాళీగా ఉంది. ఆ ఖాళీ మంచాన్ని చూస్తూ చెప్పాను.

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. తెరవకుండానే అన్నాడు.

"పలక వెనక బీట ఉందని తెలిసీ ఒక్కోసారి అంటించేస్తామమ్మా. పైకి కనబడదు. నడిచేవాడికి తెలీదు. మనకి తెలుస్తుంది. ఆ ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా తెలుస్తుంది." దుప్పటి పైకి లాక్కుని, "ఇంకేం చెప్పను. ఇప్పుడు వెళ్లండి" అన్నాడు.

భార్య దువ్వెన ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

"మీ చెల్లెలు బాగుందా?" అంది.

"బాగుందమ్మా."

"సరే" అని గోడవైపు తిరిగింది.

జూన్ 26, గురువారం

రేపటి నుంచి నన్ను బట్టల గదికి మార్చారు. ఆకుపచ్చ దుప్పట్లు మడతపెట్టాలి. నలిగిన గుడ్డ ఒత్తితే సాపు అవుతుంది. అందులో ప్రమాదం లేదు.

తొట్టి దగ్గర నా ఆఖరి పని ఒకటి చేశాను. పెద్ద కత్తెర ఒకటి తెచ్చి గట్టి తాడుతో కుళాయికి కట్టాను. కొరికిన గొట్టం వస్తే చూడక్కర్లేదు, ఆలోచించక్కర్లేదు, అక్కడికక్కడే రెండు ముక్కలు చెయ్యాలి. నా బదులు వచ్చినామెకి చూపించాను. తాడు ఎందుకని అడిగింది. ఎవరికైనా మనసొప్పక కత్తెర పక్కన పెట్టేస్తారేమోనని చెప్పాను. రేడియో అటుగా పోతూ ఆగి, తాడు ముడి లాగి చూశాడు. "ఊడదులే అక్కా" అన్నాడు. సోమవారం తర్వాత అతను నన్ను అక్కా అని మామూలుగా పిలవడం ఇదే.

సాయంత్రం చెల్లి ఇంటికెళ్లాను. మెడకి కట్టు, గొంతు ఇంకా బొంగురు. అయినా ఆగడం లేదు. "చూశావా అక్కా, నువ్వున్నావనే నేను ధైర్యంగా పడుకున్నా. నాకు నువ్వు, ఆ పక్క మంచం అన్నకి నువ్వు. ఒకే రోజు ఇద్దరిని కాపాడావు. అందరికీ చెబుతున్నా" అంది.

"ఎక్కువ మాట్లాడకు, కుట్లు నొప్పిస్తాయి" అన్నాను.

జడ వెయ్యమని తల వంచింది. మెడ కదలకుండా మెల్లగా వేశాను. మూడు పాయలూ చేతుల్లో ఉన్నంతసేపూ దేవుడితో మాట్లాడాను. మాట వెళ్లింది. జవాబేమీ రాలేదు, కానీ వెళ్లింది.

మేస్త్రీ నిన్న ఇంటికెళ్లాడట. నడిచి వెళ్లాడట. వెళ్లేముందు మూల పలక దగ్గర ఆగి చూశాడని ఆయా చెప్పింది.

ఈ పుస్తకం చించెయ్యాలని రెండుసార్లు అనుకున్నాను. చించితే బుధవారం పేజీలో ఉన్నదే నిజమని నేనే నమ్మేస్తాను, కొన్నాళ్లకి. నన్ను నేను ఎరుగుదును. అందుకని బట్టల పెట్టెలో అడుగున పెడుతున్నాను. నా తర్వాత ఎవరి చేతికి దొరికినా, ఉంచండి. కాల్చొద్దు, పాత కాగితాల్లో వెయ్యొద్దు. మా చెల్లికి మాత్రం చూపించొద్దు. అది ఆ రోజు పీల్చిన గాలి ఎవరిదో దానికి తెలియకూడదు.